మొదటి చూపు దేన్ని కొలుస్తుంది? పెరూలో తీరం, కొండ, అడవి

జూలైలో పెరూ వెళ్లొచ్చిన వాళ్లను కదిపితే దాదాపు ఇవే మూడు మాటలు వినిపిస్తాయి. రాజధాని లిమా దిగులుగా ఉంది. కొండల్లోని కుస్కో అద్భుతం, కాకపోతే ఊపిరి ఆడలేదు. అడవిలో విమానం దిగగానే ఆవిరి పట్టినట్టయింది. మూడింట్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా ఈ మాటలు ఆ ఊళ్ల సంగతి చెప్పేది కొంతే. వెళ్లినవాళ్లు ఏ నెలలో వెళ్లారు, ఏ ఊరి తర్వాత ఏ ఊరు చూశారు, ఎంత వేగంగా తిరిగారు అన్నదే వాటిలో ఎక్కువ బయటపడుతుంది. అదే మనిషి ఫిబ్రవరిలో, బొలీవియా వైపు నుంచి, బస్సులో వచ్చుంటే ఇంటికెళ్లి చెప్పే కథ వేరు: కుస్కోలో వానలు, ఊపిరికి ఏ ఇబ్బందీ లేదు, లిమాలో మంచి ఎండ, సముద్రం ఒడ్డున తిరునాళ్లలా జనం.

ఒక్క దేశంలోనే ఇంత తేడా కనిపించే చోట్లు లోకంలో మరీ ఎక్కువ లేవు. అక్కడి బడి పుస్తకాలు దేశాన్ని మూడు నిలువు చారలుగా చెబుతాయి: పసిఫిక్ తీరం వెంట సన్నటి ఎడారి, మధ్యలో ఆండీస్ పర్వతాలు, వాటికి తూర్పున అమెజాన్ అడవి. విస్తీర్ణంలో 60 శాతం దాకా అడవిదే. జనంలో సగానికి పైగా మాత్రం ఆ సన్నటి ఎడారి చారలోనే ఉంటారు. ఒక్క లిమా మహానగరంలోనే కోటి మంది. అక్కడి నుంచి తూర్పుకు రోడ్డు మీద 130 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్లినంత దూరం పోతే టిక్లియో కనుమ వస్తుంది. దాని ఎత్తు 4,818 మీటర్లు. పొద్దున సముద్రం ఒడ్డున టిఫిన్ తిన్న మనిషి భోజనాల వేళకు మంచు శిఖరాల పక్కన నిలబడగలడు. ఒళ్లు మాత్రం అంత తొందరగా వెంట రాదు.

ముందు లిమా సంగతి. భూమధ్యరేఖకు దక్షిణాన 12 డిగ్రీల దగ్గర ఉందీ ఊరు. ఉత్తరాన ఇంచుమించు అంతే దూరంలో చెన్నై, బెంగళూరు ఉన్నాయి. పటం చూసుకుని బయల్దేరిన తెలుగువాళ్లు సముద్రతీరం కదా అని చెన్నై ఉక్కపోతను ఊహించుకోవడం సహజం. జూలైలో దిగితే ఎదురయ్యేది 16, 17 డిగ్రీల చలి, సూర్యుడి జాడ లేని ఆకాశం, ఎంతకీ ఆరని బట్టలు. కారణం సముద్రంలో ఉంది. దక్షిణం నుంచి తీరం వెంట పైకి వచ్చే హంబోల్ట్ ప్రవాహం చల్లటిది. లోతు నీళ్లు ఉబికి వచ్చి దాన్ని మరింత చల్లబరుస్తాయి. ఆ నీటిని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, కిందనే ఉండిపోతుంది. దాని మీద వెచ్చటి పొడిగాలి పొర పరుచుకుంటుంది. అందువల్ల మబ్బు పడుతుంది గానీ పైకి లేవదు, పైకి లేవదు కాబట్టి కురవదు. తూర్పు నుంచి రావాల్సిన అమెజాన్ తేమను ఆండీస్ గోడ ఆపేస్తుంది. అలా గాలిలో తేమ 90 శాతం దాటినా ఏడాది మొత్తానికి పడే వాన పది, పదిహేను మిల్లీమీటర్లకు మించని వింత ఊరు తయారైంది. గరువా అని పిలిచే తుంపర పడుతుంది, కళ్లజోడు తడుస్తుంది, నేల తడవదు. గాడిద పొట్ట రంగు అని లిమా వాళ్లే తమ ఆకాశాన్ని వెక్కిరించుకుంటారు.

అయితే ఇదంతా జూన్ నుంచి అక్టోబరు దాకా జరిగే తంతు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అదే ఊళ్లో ఎండ కాస్తుంది. మరి లోకమంతటా లిమాకు బూడిదరంగు పేరు ఎందుకు స్థిరపడింది? ఒకప్పుడు ఆండీస్‌ను ఏలిన ఇంకాల కట్టడం మాచూ పిచూ చూడాలనుకునేవాళ్లు కొండల్లో వానలు లేని నెలలు ఎంచుకుంటారు, అంటే మే నుంచి సెప్టెంబరు. అమెరికా, యూరప్ బడి సెలవులూ ఆ మధ్యలోనే పడతాయి. ఆండీస్ మీద ఆకాశం నీలంగా మెరిసే ఆ నెలలే లిమా మబ్బులో మునిగే నెలలు. అందుకని విదేశీయుల్లో ఎక్కువమంది లిమాను దాని కష్టకాలంలో, కుస్కోను దాని మంచి రోజుల్లో చూస్తారు. మబ్బులో రెండు రోజులు నానిన కళ్లకు కొండ మీది నీలం మరింత నీలంగా కనిపిస్తుంది. కుస్కోకు వచ్చే పొగడ్తలో కొంత వాటా లిమా మబ్బుకూ దక్కాలి.

లిమా నుంచి 40 కిలోమీటర్ల లోపే, దాదాపు 850 మీటర్ల ఎత్తున, చోసీకా అనే ఊరుంది. మబ్బు పొర అక్కడికి అందదు. చలికాలం ఆదివారాల్లో లిమా కుటుంబాలు ఎండ కాచుకోవడానికి అక్కడికి పోతాయి. నగరానికి అంత దగ్గర్లో ఎండ ఉందన్న సంగతి రెండు రోజులుండి పోయే మనిషికి తెలిసే దారే లేదు.

కొండ దిగి లిమాకు వచ్చి పెదవి విరిచిన వాళ్లలో అందరికన్నా పేరున్నవాడు జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్. ఇప్పటి ఈక్వెడార్‌లో ఉన్న చింబొరాసో పర్వతం మీద 1802 జూన్‌లో చాలా ఎత్తుకు ఎక్కి, తర్వాత నెలల తరబడి ఆండీస్ లోయల్లో తిరిగి, ఆ ఏడాది చివర్లో తీరానికి దిగాడు. లిమా ఆయనకు నచ్చలేదు. పెరూ నుంచి లండన్ కంటే లిమాయే ఎక్కువ దూరంలో ఉందని 1803లో ఒక ఉత్తరంలో రాశాడు. రాజధానిని దెప్పాలనుకున్నప్పుడల్లా పెరూవాళ్లు ఇప్పటికీ ఈ మాట తీస్తుంటారు. దేశం లోపలి సంగతులు లిమాకు పట్టవని ఆయన ఫిర్యాదు. అందులో నిజం ఎంత, ఎడారిలో దిగిన కొండదారి మనిషి చిరాకు ఎంత అని విడదీయడం కష్టం. మెచ్చుకోవాల్సింది మరొకటి. అదే ప్రయాణంలో ఆయన సముద్రంలో థర్మామీటరు ముంచి ప్రవాహం ఎంత చల్లగా ఉందో కొలిచాడు. తీరం మీద మబ్బు ఎందుకుందో ఆ అంకెల్లో ఉంది. ప్రవాహానికి ఆయన పేరే నిలిచింది. నచ్చలేదని రాసుకోవడమూ, ఎందుకిలా ఉందని కొలవడమూ రెండూ చేసిన ప్రయాణికులు అరుదు.

లిమా నుంచి కుస్కోకు విమానంలో గంటా ఇరవై నిమిషాలు. దిగేది 3,400 మీటర్ల ఎత్తున. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే, మారేది పీడనం. సముద్ర మట్టంలో ఉన్న పీడనంలో మూడింట రెండు వంతులే ఉంటుంది కాబట్టి ప్రతి శ్వాసలో లోపలికి పోయే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. నీళ్లు 88, 89 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కరు లేకుండా పప్పు ఉడికించాలంటే సహనం కావాలి. ఢిల్లీ నుంచి విమానంలో లేహ్ వెళ్లిన తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు, ఆ ఊరిదీ దాదాపు ఇదే ఎత్తు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎత్తు చేసే చెరుపు వెంటనే తెలియదు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటలు గడిచాక మొదలవుతాయి. మధ్యాహ్నం దిగిన మనిషికి మొదట కనిపించేవి మెరిసే వెలుగు, సందు సందునా సున్నం లేకుండా అతికినట్టు పేర్చిన ఇంకాల రాతిగోడలు, వాటి మీద స్పెయిన్‌వాళ్లు కట్టిన చర్చిలు. ఊపిరి కాస్త వేగంగా ఆడుతుంటే అదీ ఉత్సాహమే అనిపిస్తుంది. శాన్ బ్లాస్ పేట మెట్లన్నీ ఎక్కేస్తారు. రాత్రి రెండింటికి కథ మారుతుంది. పట్టిన కాస్త నిద్రలో శ్వాస ఆగి ఆగి నడుస్తుంది, ఉలిక్కిపడి లేస్తారు. కుస్కో గురించి మధ్యాహ్నం రాసుకున్నదీ తెల్లవారి రాసుకున్నదీ రెండు వేర్వేరు ఊళ్ల గురించి అన్నట్టుంటాయి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే పెంచకూడదని వైద్యులు చెబుతారు. విమానం ఒక్క గంటన్నరలోపు 3,200 మీటర్లు ఎక్కించేస్తుంది. కొందరికి ఇది తలనొప్పితో పోదు. ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరితే ప్రాణం మీదికి వస్తుంది, అప్పుడు మొదటి మందు కిందికి దిగిపోవడమే.

ఇదే కుస్కోకు మరో దారి నుంచి వచ్చేవాళ్లున్నారు. టిటికాకా సరస్సు ఒడ్డున ఉన్న పూనో ఊరు 3,800 మీటర్లకు పైన ఉంటుంది. బొలీవియాలో లా పాజ్ విమానాశ్రయం 4,000 మీటర్లు దాటిన చోట ఉంది. చెట్టూ చేమా తక్కువైన ఆ పీఠభూమి మీద వారం గడిపి కుస్కో చేరినవాళ్లకు అది పల్లంలో ఉన్న ఊరు. గాలి సరిపోతుంది, చలి తగ్గుతుంది, చెట్లు కనిపిస్తాయి. రాయీ అదే, గాలీ అదే, ఎత్తూ అదే. ఒకరికి ఆయాసం, మరొకరికి ఉపశమనం. మాచూ పిచూ మరీ తమాషా. కొండ కొమ్మున ఉన్నట్టు కనిపించే ఆ కట్టడం 2,430 మీటర్ల దగ్గరే ఉంది, అంటే కుస్కో కంటే దాదాపు వెయ్యి మీటర్లు కింద. ఎక్కుతున్నామనుకుంటూ దిగుతారు. అక్కడ కలిగే హాయిలో సింహభాగం ఇంకాల నిర్మాణ కౌశలానిదే కావచ్చు, కొంత భాగం మాత్రం ఆక్సిజన్‌ది.

ఒక చెయ్యి వేడినీళ్లలో, మరో చెయ్యి చన్నీళ్లలో కాసేపు ఉంచి, రెండింటినీ ఒకే గోరువెచ్చటి నీళ్లలో ముంచితే ఒక చేతికి చల్లగా, మరో చేతికి వేడిగా తగులుతుంది. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ చర్చించిన సంగతే ఇది. 20వ శతాబ్దం మధ్యలో అమెరికా మనస్తత్వవేత్త హ్యారీ హెల్సన్ దీన్ని విస్తరించి, మనిషి బరువు, వెలుతురు లాంటివి అంచనా వేసేది అప్పటిదాకా అలవాటుపడిన మట్టం నుంచేనని సిద్ధాంతం చేశాడు. ప్రయాణికుడి సున్నా గుర్తు ఒకచోట నిలవదు. నిన్న ఉన్న ఊరే ఇవాళ్టి సున్నా.

ఇంతవరకు ఒప్పుకోవడం తేలికే. చిక్కు ఎక్కడంటే, అన్ని అలవాట్లూ ఒకే వేగంతో మారవు. వెలుతురుకు కళ్లు నిమిషాల్లో సర్దుకుంటాయి. చలికి, ఎత్తుకు ఒళ్లు సర్దుకోవడానికి రోజులు పడుతుంది. మనుషులు ఎంత దూరంలో నిలబడి మాట్లాడాలి, ఎంత గట్టిగా నవ్వాలి, బేరం ఎంతవరకు ఆడొచ్చు, అపరిచితుడిని చూసి పలకరించాలా వద్దా అన్నవాటికి నెలలైనా చాలవు. అందువల్ల వాతావరణం గురించిన మొదటి అభిప్రాయం త్వరగా తనను తాను దిద్దుకుంటుంది. మనుషుల గురించిన మొదటి అభిప్రాయం దిద్దుకునేలోపే తిరుగు విమానం వస్తుంది. ఇంటికి చేరాక ఎక్కువసార్లు చెప్పుకునేది మళ్లీ ఆ రెండోదాన్నే.

కొండవాళ్లు ముభావంగా ఉంటారు, అడవి పట్టణాల వాళ్లు కలుపుగోలుగా ఉంటారు అనే మాట పెరూ ప్రయాణికుల నోట తరచూ వస్తుంది. కుస్కో సంతలో కూరగాయలమ్మే ఆవిడకు చాలాసార్లు సొంత భాష కెచువా. 2017 జనాభా లెక్కల్లో 37 లక్షలకు పైగా జనం అదే తమ మాతృభాషగా రాయించారు. స్పానిష్ ఆవిడ బడిలోనో బజారులోనో నేర్చుకున్న భాష, కొన్నవాడికీ అంతే. ఇద్దరూ అరువు భాషలో తడుముకుంటూ మాట్లాడుతుంటే మాటలు తగ్గుతాయి. ఆ తగ్గుదలను వచ్చినవాడు కొండవాళ్ల స్వభావం ఖాతాలో వేస్తాడు. పైగా అప్పటికి అతడికి తలనొప్పి. అడవి పట్టణానికి చేరేసరికి ఊపిరి కుదుటపడుతుంది, అవతలి మనిషి సొంత భాష ఎక్కువగా స్పానిషే, మాట ధారాళంగా వస్తుంది.

వేగం సంగతి విడిగా చూడాలి. విమానంలో తిరిగేవాడికి పెరూ అంటే మూడు చారలే, ఎందుకంటే అతడు దిగేవి మూడు చోట్లే. 1940ల ప్రాంతంలో పెరూ భూగోళవేత్త హావియెర్ పుల్గార్ విదాల్ ఈ లెక్కను కాదని దేశాన్ని ఎనిమిది సహజ ప్రాంతాలుగా విభజించాడు. రైతులు ఏ ఎత్తును ఏమని పిలుస్తారు, అక్కడ ఏం పండిస్తారు అన్నవాటిని ఆధారం చేసుకున్నాడు. తీరానికి పైన పండ్లు పండే వెచ్చటి లోయలు, 2,300 నుంచి 3,500 మీటర్ల మధ్య మొక్కజొన్న పట్టీ, దాని పైన దుంపలు, ఇంకా పైన గడ్డి, ఉన్ని కోసం పెంచే అల్పాకాలు, చివరికి మంచు. నడిచేవాడికి, బస్సెక్కేవాడికి తెలిసే పెరూ ఇది. లిమా నుంచి నాస్కా, అబన్కాయ్ మీదుగా కుస్కో చేరే బస్సుకు ఇరవై గంటలకు పైగా పడుతుంది. నడుం పోతుంది, నిజమే. కానీ ఎడారి ఏ మలుపులో గడ్డిగా మారింది, గడ్డి ఏ మలుపులో చెట్టయింది అన్నది కంటికి దొరుకుతుంది.

కుస్కో నుంచి తూర్పుకు దిగే రోడ్డు ఇంకా నాటకీయం. 4,700 మీటర్లు దాటిన కనుమ మీదుగా పోయి, క్విన్సెమిల్ దగ్గర ఏడాదికి 6,000 మిల్లీమీటర్లు మించి కురిసే వాలులోకి జారి, పది గంటల్లో 200 మీటర్ల ఎత్తున ఉన్న పుయెర్తో మాల్దొనాదో చేరుతుంది. తీరానికి చేరకుండా ఆండీస్ ఆపిన వాన కురిసేది ఇలాంటి తూర్పు వాలుల మీదే. విమానంలో గంటలోపే దిగేవాడికి ఎడారి ఒక ఊరు, అడవి మరో ఊరు. రెండూ ఒకే గోడకు రెండు వైపులని తెలియాలంటే గోడ దాటాలి.

అడవి మొదటి చూపు గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు, అది అందరూ ఊహించినట్టే ఉంటుంది: వేడి, తేమ, బురద రంగు నది, వీధుల్లో మూడు చక్రాల మోటో టాక్సీలు. ఆ బండ్లలో బజాజ్ పేరు చూసి తెలుగువాళ్లు ముచ్చటపడతారు. ఊహించనిదల్లా ఫ్రియాహే అనే చలి. మే నుంచి సెప్టెంబరు మధ్య అప్పుడప్పుడూ ఖండం దక్షిణ కొస నుంచి చలిగాలి ఆండీస్ పక్కగా పైకి దూసుకొస్తుంది. 30 డిగ్రీలు దాటిన ఊళ్లో ఒకట్రెండు రోజుల్లో 15 డిగ్రీల దిగువకు పడిపోతుంది. ఆ మూడు నాలుగు రోజుల్లో అమెజాన్ చూసి వెళ్లిన మనిషి అడవిలో స్వెట్టర్ వేసుకున్నానని చెబితే ఎవరూ నమ్మరు.

వచ్చిపోయేవాళ్లకు అదిరిపాటుగా తోచే ఈ ఎత్తుల తేడా అక్కడివాళ్లకు వేల ఏళ్లుగా బతుకుదెరువు. ఆండీస్ పల్లెలు ఒకే ఎత్తున ఒకే పెద్ద పొలం పెట్టుకోకుండా, వేర్వేరు ఎత్తుల్లో చెక్కలు చెక్కలుగా భూములు పెట్టుకునేవని మానవ శాస్త్రవేత్త జాన్ మర్రా 1970లలో వివరించాడు. పైన బంగాళాదుంప, మధ్యలో మొక్కజొన్న, కింద కోకా, మిరప. రాత్రి గడ్డకట్టే చలి, పగలు మాడ్చే ఎండ ఉన్న చోట దుంపను ఆరుబయట పరిచి, తొక్కి నీరు పిండి, చూన్యో అనే ఎండుదుంప చేస్తారు. అది ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. పర్యాటకుడు తిట్టుకునే ఉష్ణోగ్రతల తేడాయే అక్కడ గాదె నింపింది.

కొండ నుంచి లిమాకు దిగినవాళ్ల మొదటి చూపు ఎవరూ అడగరు. 1940లో లిమా జనాభా ఆరు లక్షల చిల్లర. అక్కడి నుంచి కోటికి చేరడంలో ఆండీస్ పల్లెల నుంచి వచ్చిన కుటుంబాల పాత్ర చాలా పెద్దది. ఎండా వానా ఎరిగిన రైతు రెండూ లేని ఊరికి వచ్చి, ఊరి చివర ఇసుక గుట్టల మీద చాపలతో గుడిసె వేసుకున్నాడు. 1971లో అలాగే ఎడారిలో మొదలైన వీయా ఎల్ సాల్వదోర్ ఇప్పుడు లక్షల జనమున్న పట్టణం. నీళ్లు ట్యాంకర్లలో వచ్చే అలాంటి గుట్టల మీద, కొన్నిచోట్ల, పెద్ద పెద్ద వలలు నిలబెట్టి మబ్బు నుంచి నీళ్లు పడతారు. పర్యాటకుడి ఫొటోలు పాడుచేసిన అదే మబ్బు.

తీరంవాళ్లకు కొండవాళ్ల మీద ఉన్న అభిప్రాయం మాత్రం మొదటి చూపు కూడా కాదు, చూడకుండానే ఏర్పడింది. 1980 నుంచి 2000 దాకా సాగిన అంతర్యుద్ధంలో చనిపోయినవాళ్లు దాదాపు 69,000 మంది అని సత్య, సయోధ్యల కమిషన్ 2003లో తేల్చింది. అంతకుముందు అనుకున్న సంఖ్యకు ఇది ఇంచుమించు రెట్టింపు. మృతుల్లో నలుగురికి ముగ్గురు కెచువా లేదా ఇతర స్థానిక భాషలు మాట్లాడేవాళ్లు. అంతమంది పోయిన సంగతి రాజధానికి లెక్కకు కూడా రాలేదంటే, హంబోల్ట్ ఉత్తరంలో చిరాకు పాలు తక్కువే అనుకోవాలి.

మొదటి చూపును కొట్టిపారేయమని దీని అర్థం కాదు. అక్కడివాళ్లు చూడటం మానేసినవి కొత్త కంటికే పడతాయి. లిమా వీధుల్లో ఇళ్ల కప్పులు చదునుగా, నీరు జారే ఏర్పాటు లేకుండా ఉంటాయి. వానలు ఎరిగిన ఊరి నుంచి వచ్చినవాడికి అది ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. కుస్కోలో అందరూ మెల్లగా మెట్లెక్కుతారని, సంతలో దుంపల రంగులే డజన్ల కొద్దీ ఉన్నాయని గమనించేది మొదటి రోజే. నాలుగో రోజుకు అవీ మామూలైపోతాయి. తేడాను పట్టుకోవడంలో ఆ చూపు నమ్మదగ్గదే. తేడాకు కారణం చెప్పబోయినప్పుడే తప్పటడుగు వేస్తుంది.

వారం పది రోజుల వ్యవధితో వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా అమెరికా నుంచి నాలుగు రోజుల సెలవు కలుపుకుని బయల్దేరే తెలుగు కుటుంబాలకు, పనికొచ్చేది ఒకటుంది. కుస్కోలో విమానం దిగిన రోజే ఊళ్లో పడుకోకుండా 2,800 మీటర్ల దగ్గరున్న ఒయాంతాయ్‌తాంబో వైపు లోయలోకి దిగిపోవడం, మాచూ పిచూ ముందు చూసి కుస్కోను చివరికి ఉంచుకోవడం మంచి వరుస. సమయం ఉంటే లిమా నుంచి నేరుగా ఎగరకుండా 2,300 మీటర్ల ఎత్తున ఉన్న అరెకీపాలో రెండు మూడు రాత్రులు ఆగితే మరీ మంచిది. ఇక లిమాను విమానం మారే ఊరుగా మొదట్లోనే ముగించేయకుండా రెండు రోజులు చివర్లో పెట్టుకోవచ్చు. కొండ మీద వారం రోజులు పొడిగాలికి పెదవులు పగిలినవాళ్లకు ఆ తేమ అంత చెడ్డగా ఉండదు, పచ్చి చేప, నిమ్మరసంతో చేసే సెవీచే రుచీ అప్పుడు బాగా తెలుస్తుంది. జూలై అయితే సూర్యుడు మాత్రం కనిపించడు.